మతమే పౌరసత్వమైన దీవుల్లో
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మా అబ్బాయి ఎమ్మెస్సీ, బీఈడీ చదివి మూడేళ్లుగా హన్మకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతున్నాడు. ఇప్పుడు మాల్దీవుల్లో ఒక ద్వీపంలోని పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. మేము మూడు తరాలుగా క్రైస్తవులం. మా అత్తమ్మ చదువుకున్న బైబిల్ ఒకటి ఇంట్లో ఉంది. దాని మొదటి పేజీలో మా ఇంట పుట్టిన పిల్లలందరి పేర్లు, తేదీలు ఆమె చేతిరాతతోనే ఉన్నాయి. దాన్ని వాడి పెట్టెలో పెట్టి పంపాలని నా కోరిక. ఏజెంటు వద్దంటున్నాడు. అక్కడ చర్చి ఒక్కటి కూడా లేదన్నది నిజమేనా? ఆ దేశం వాళ్లలో ఎవరైనా క్రీస్తును నమ్ముకుంటే వాళ్లను ఏం చేస్తారు?
— ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు సంగతులు. ఒకటి మీ అబ్బాయి క్షేమం, రెండోది మీకు ముఖపరిచయమైనా లేని మనుషుల క్షేమం. ఆ రెండోది తెలియకపోతే మొదటిదానికి నేను చెప్పబోయే సలహా పిరికిమాటలా వినిపిస్తుంది కనుక దానితోనే మొదలుపెడతాను.

మాల్దీవుల్లో చర్చి లేదన్నది నిజమే. గుడి లేదు, బౌద్ధ విహారమూ లేదు. దాదాపు 1,200 చిన్న దీవులున్న ఆ దేశంలో స్థానికులు కాపురముండేవి 200 లోపే. 2008లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 9వ అధికరణం ప్రకారం ముస్లిం కానివారు మాల్దీవుల పౌరులు కాలేరు. 10వ అధికరణం ఇస్లాంను రాజ్యమతంగా ప్రకటించి, ఆ మత సూత్రాలకు విరుద్ధంగా ఏ చట్టమూ చేయరాదని చెబుతుంది. ఏయే కారణాలతో మనిషిపై వివక్ష చూపరాదో చెప్పే 17వ అధికరణంలో రంగు, లింగం, వయస్సు, వైకల్యం, రాజకీయాభిప్రాయం, చివరకు మనిషి పుట్టిన ద్వీపం కూడా చేరాయి గాని మతం చేరలేదు.

ఆ 9వ అధికరణంలోనే ఏ పౌరుడి పౌరసత్వాన్నీ తొలగించరాదన్న వాక్యం కూడా ఉంది. ఒక వాక్యం పౌరసత్వం పోదంటుంది, ఇంకో వాక్యం ముస్లిం కానివాడు పౌరుడే కాలేడంటుంది. మరి పుట్టుకతో పౌరుడైనవాడు పెద్దయ్యాక క్రైస్తవుడైతే అతని గతి ఏమిటి? అది తేలాలంటే ఎవరో ఒకరు న్యాయస్థానం మెట్లెక్కి, నలుగురి ముందు నిలబడి, తాను మతం మారానని చెప్పుకోవాలి. చెప్పిన క్షణం నుంచి ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇల్లు అన్నీ ప్రమాదంలో పడతాయి గనుక ఎవరూ ఆ మెట్లెక్కరు. ఆ రెండు వాక్యాల మధ్యనున్న ఇరుకు సందులోనే అక్కడి క్రైస్తవుడి బతుకు తెల్లవారుతుంది.

1994 నాటి మత ఐక్యత చట్టం ఇస్లాం కాకుండా వేరే మతాన్ని ప్రచారం చేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. స్థానికుడికి జైలు లేదా గృహనిర్బంధం, విదేశీయుడికి దేశ బహిష్కరణ. మతం వదలడాన్ని షరియా ప్రకారం మరణశిక్ష పడదగిన నేరంగా చూసే పండితులు అక్కడ ఉన్నారు. 1950ల తర్వాత ఆ దేశంలో మరణశిక్ష ఏదీ అమలు కాలేదన్నది నిజమే గాని, అది కాగితం మీది ఊరట మాత్రమే. మతం వదిలిన వ్యక్తి వివాహం చెల్లదు, ముస్లిం తండ్రి ఆస్తిలో వాటా రాదు అన్నవి షరియా న్యాయంలో సాధారణ సూత్రాలు. ఉరితాడు చూపకుండానే మనిషిని వెనక్కి రప్పించడానికి అవి చాలు.

దానికి తోడు ఆ భూమి కొలత ఒకటి ఉంది. మన దగ్గర మతం మారిన కొడుకుతో తండ్రి మాట మానేస్తే, ఆ కొడుకు వరంగల్ స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ చేరి, ఒక గది అద్దెకు తీసుకుని, పేరు ఎవరూ అడగని వీధిలో బతుకుతాడు. వెయ్యి మంది ఉన్న ద్వీపంలో అటువంటి వీధి ఉండదు. ఇటు నడిచినా సముద్రమే, అటు నడిచినా సముద్రమే. శుక్రవారం మసీదులో ఎవరు కనిపించలేదో సాయంత్రానికి ఊరంతటికీ తెలుస్తుంది. రాజధాని మాలే సంగతి చూద్దామంటే, అది మన నగరంలో రెండు మూడు కాలనీలంత నేల. ఇరుకు ఇళ్లలో ఒకే గదిని ముగ్గురు నలుగురు పంచుకుంటారు. తలుపు వేసుకుని మోకరించడానికి చోటు దొరకడమే కష్టం.

1998లో ఏం జరిగిందో చెబుతాను. ధివేహి వారి భాష. ఆ భాషలో సెషెల్స్ దీవుల నుంచి క్రైస్తవ రేడియో ప్రసారాలు మొదలైన రోజులవి. ఆ ఏడాది జూన్‌లో క్రైస్తవులన్న అనుమానంతో పదుల సంఖ్యలో మాల్దీవియన్లను అదుపులోకి తీసుకున్నారు, విదేశీయులు కొందరిని వెళ్లగొట్టారు. పట్టుబడినవారిని నెలల తరబడి నిర్బంధించి, నమాజు చేయమని, తిరిగి ఇస్లాంలోకి రమ్మని ఒత్తిడి పెట్టిన తర్వాతే విడిచిపెట్టారని ఆనాటి మానవ హక్కుల నివేదికలు చెబుతున్నాయి. ఆ తర్వాత అంత పెద్ద సంఖ్యలో అరెస్టులు జరగలేదు. దాన్ని చూపి పరిస్థితి మెరుగైందనేవారితో నేను ఏకీభవించను. పట్టుకోవడానికి బయట మనిషి కనిపించకపోతే అరెస్టులు ఉండవు. కేసులు లేకపోవడం అక్కడ భయం ఎంత లోతుకు దిగిందో తెలిపే గుర్తు.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం. విదేశీయులు తమ గదిలో తాము ప్రార్థన చేసుకోవడాన్ని అక్కడి చట్టం అడ్డుకోదు. స్వంతానికి ఒక బైబిల్ ఉంచుకున్నంత మాత్రాన మామూలుగా ఎవరూ పట్టించుకోరు కూడా. కానీ 2011లో కేరళకు చెందిన ఒక ఉపాధ్యాయుడికి జరిగింది గుర్తుపెట్టుకోండి. ఒక ద్వీపంలోని పాఠశాలలో పనిచేస్తున్న ఆయన పెన్‌డ్రైవ్‌లోని మరియమాత చిత్రాలు, భక్తిగీతాలు పాఠశాల కంప్యూటరులోకి చేరాయి. ఎవరో చూసి ఫిర్యాదు చేశారు. పోలీసులు ఇల్లు వెతికితే ఒక బైబిల్, ఒక జపమాల దొరికాయి. దాదాపు రెండు వారాలు నిర్బంధంలో ఉంచి దేశం నుంచి పంపించివేశారు.

కాబట్టి అత్తమ్మగారి బైబిల్‌ను ఇంట్లోనే ఉంచండి, అమ్మా. అది పోతే మళ్లీ ముద్రించి ఇచ్చే సొసైటీ ఏదీ లేదు. పాఠశాల కంప్యూటరులో గాని, స్టాఫ్ రూమ్‌లో గాని భక్తికి సంబంధించినది ఏదీ పెట్టవద్దని అబ్బాయికి చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. విద్యార్థి ఎవరైనా చాటుగా వచ్చి మీ దేవుడి గురించి చెప్పండి సార్ అని అడిగితే, ఆ జవాబు వల్ల వచ్చే ప్రమాదం మీ అబ్బాయికన్నా ఆ పిల్లవాడికే ఎక్కువ. మీ అబ్బాయిని విమానమెక్కించి కొచ్చిన్‌లో దింపుతారు. ఆ పిల్లవాడికి ఎక్కడానికి విమానం లేదు.

ప్రశ్న: మాల్దీవులు మొదటి నుంచీ ముస్లిం దేశమేనా? అక్కడివారు ఎవరైనా క్రైస్తవులైనట్టు చరిత్రలో ఉందా?
— చరిత్ర అధ్యాపకుడు, మహబూబాబాద్

జవాబు: మొదట అది బౌద్ధుల దేశం. 1153లో రాజు ధోవేమి బౌద్ధం వదిలి ఇస్లాం స్వీకరించాడు, ప్రజలూ మారారు. ఆ రోజును ఇప్పటికీ ఏటా సెలవిచ్చి జరుపుకొంటారు. ఒక మనిషి తన పూర్వీకుల మతాన్ని విడిచి, తాను సత్యమని నమ్మిన మతంలోకి వెళ్లిన రోజు అక్కడ జాతీయ పండుగ అన్నమాట. ఆ రాజుకు దక్కిన స్వేచ్ఛ ఈనాటి పౌరుడికి ఎందుకు దక్కకూడదన్నదే నా ప్రశ్న. ఆ మార్పు అంతటా శాంతంగా జరగలేదని కూడా వారి శాసనాలే చెబుతున్నాయి. 12వ శతాబ్దం చివరి తామ్రశాసనాల్లో, దక్షిణాది దీవుల నుంచి బౌద్ధ భిక్షువులను మాలేకు తెచ్చి శిరచ్ఛేదం చేసిన సంగతి నమోదై ఉంది.

ఇక క్రైస్తవుడైన మాల్దీవియన్లలో చరిత్రకెక్కిన మొదటివాడు సాక్షాత్తూ ఒక సుల్తానే. తొమ్మిదవ హసన్ సింహాసనం విడిచి కొచ్చిన్ చేరి, 1552లో బాప్తిస్మం పొంది డోమ్ మాన్యుయెల్ అయ్యాడు. ఆయన హక్కుల పేరు చెప్పుకునే పోర్చుగీసువారు 1558లో మాలేను పట్టుకుని 1573 వరకు ఏలారు. ముహమ్మద్ తకురుఫాను నాయకత్వంలో ప్రజలు పోరాడి వారిని తరిమేశారు. ఆ విజయం రోజే అక్కడ జాతీయ దినం. క్రైస్తవం అనగానే ఫిరంగులు, పరాయి సైన్యం గుర్తుకు రావడం అప్పటి నుంచి వారి బడిపాఠాల్లోనే ఉంది. ఆ గాయం నిజమైనదే, దాన్ని మనం తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే నాలుగున్నర శతాబ్దాల కిందటి ఫిరంగుల నేరానికి ఈనాడు దుప్పటి కింద ఫోన్ వెలుగులో సువార్త చదువుకునే ఒక నర్సునో, ఒక జాలరినో శిక్షించడం న్యాయం కాదు.

ప్రశ్న: మాస్టారికి సలాం. ఎక్కడో ఒక ముస్లిం దేశంలో ఇటువంటిది జరిగిందని టీవీలో వస్తే, మర్నాడు నా దుకాణం ముందు నిలబడేవారి మాటతీరు మారుతుంది. ధర్మంలో నిర్బంధం లేదని మా ఖురాన్‌లోనే, రెండవ సూరా 256వ వాక్యంలో ఉంది. మీరు ఈ విషయం రాసేటప్పుడు మమ్మల్ని గుర్తుపెట్టుకోవాలని మనవి.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: భాయ్‌సాబ్, మీ మనవి న్యాయమైనది. మాల్దీవుల కథలో మతస్వేచ్ఛ కోసం నెత్తురు చిందించినవారు చాలావరకు ముస్లిం ఇళ్లలో పుట్టినవారేనన్న సంగతి మన టీవీ చర్చల్లో రాదు. ఇస్లాంను సౌమ్యంగా బోధించిన పండితుడు, పార్లమెంటు సభ్యుడు అఫ్రాషీమ్ అలీని 2012 అక్టోబరులో ఆయన ఇంటి దగ్గరే పొడిచి చంపారు. మతస్వేచ్ఛ కావాలని రాసిన ఇస్మాయిల్ హిలత్ రషీద్ గొంతు కోశారు. ఆయన బతికి దేశం విడిచి వెళ్లిపోయారు. పాత్రికేయుడు అహ్మద్ రిల్వాన్‌ను 2014 ఆగస్టులో అపహరించారు. ఆయన కోసం న్యాయం అడిగిన మిత్రుడు యామీన్ రషీద్‌ను 2017 ఏప్రిల్‌లో సొంత భవనం మెట్ల దగ్గర కత్తులతో పొడిచి చంపారు. రిల్వాన్‌ను హతమార్చారని విచారణ సంఘం ప్రకటించేటప్పటికి అయిదేళ్లు గడిచాయి. ఆ అయిదేళ్లూ ఆయన తల్లి కొడుకు ఫోటో పట్టుకుని వీధుల్లో నిలబడింది.

మీరు చెప్పిన వాక్యం అక్కడివారికి తెలియక కాదు. 1978 నుంచి 2008 వరకు ముప్పై ఏళ్లు పాలించిన మౌమూన్ అబ్దుల్ గయూమ్ కైరోలోని అల్ అజహర్‌లో చదువుకున్నవారు. అల్లా ఒక్కడు, జాతి ఒక్కటి, మతం ఒక్కటి అన్న భావనను ఆయన పాలన రాజ్యానికి పునాదిగా చేసింది. ఆ తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది గాని, ఎదుటి పార్టీవాడు మతానికి ద్రోహి అని ముద్ర వేయడం ఎన్నికల ఆయుధమైపోయింది. 2011 నవంబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల అధినేత్రి నవీ పిళ్లై అక్కడి పార్లమెంటులో నిలబడి కొరడా శిక్షలు ఆపమన్నందుకు వీధుల్లో నిరసనలు రేగాయి. 2012 ఫిబ్రవరి 7న, అధ్యక్షుడు నషీద్ పదవి దిగిపోయిన రోజున, ఒక గుంపు జాతీయ మ్యూజియంలోకి చొరబడి పగడపు రాతితో చెక్కిన బుద్ధుడి తలలను పిండి చేసింది. తమ తాతలు చెక్కిన బొమ్మలే అవి.

ఈ భయం క్రైస్తవుడి దగ్గరే ఆగదని చెప్పడానికి ఇదంతా రాశాను. 2010లో మాలేలో భారతదేశం నుంచి వెళ్లిన ఒక మతబోధకుడి సభలో ఒక మనిషి లేచి తనకు ఇస్లాంలో విశ్వాసం కుదరలేదని నిజాయితీగా చెప్పాడు. అక్కడే అతనిపై దాడికి దిగారు, పోలీసులు తీసుకెళ్లారు, మూడు రోజులకు టీవీ తెర మీద క్షమాపణ చెప్పించి, ఇస్లాం విశ్వాస ప్రమాణమైన కలిమా చదివించారు. మీరు ఉదహరించిన వాక్యాన్ని గుండెలో పెట్టుకున్న ఏ ముస్లిముకైనా ఆ దృశ్యం బాధ కలిగిస్తుందని నా నమ్మకం. కాజీపేటలో దర్గా ఉర్సుకు, ఫాతిమా మాత పండుగకు ఒకే ఇంటి ఆడవాళ్లు కొబ్బరికాయలతో, కొవ్వొత్తులతో వెళ్లడం చూస్తూ ముసలివాణ్ని అయినవాణ్ని నేను. మీ దుకాణం ముందు మాటతీరు మార్చుకునేవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: వాళ్ల దేశం, వాళ్ల చట్టం. నూటికి నూరు శాతం ముస్లింలున్న దేశం తనకు నచ్చిన చట్టం చేసుకుంటే మధ్యలో మనకెందుకు? మన దగ్గరా అటువంటి కట్టడి ఉంటే మతమార్పిళ్లు ఆగిపోతాయి కదా?
— డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: బాబూ, ఆ నూరు శాతం అన్న లెక్కను తయారుచేసింది చట్టమే. ముస్లిం కానివాడు పౌరుడు కాడని ముందే రాసుకుని, తర్వాత పౌరులను లెక్కపెట్టి అందరూ ముస్లింలేనంటే, అది జనాభా లెక్క అనిపించుకోదు. ఇక వాళ్ల దేశం, వాళ్ల చట్టం అన్న మాటకు వస్తే, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో ఆ దేశం 2006లో తానుగా చేరింది. మతాన్ని ఎంచుకునే స్వేచ్ఛను చెప్పే 18వ అధికరణం మాత్రం తమ రాజ్యాంగానికి లోబడే వర్తిస్తుందని మినహాయింపు రాసుకుంది. మనిషికి ఆ హక్కు ఉందని తెలిసే కదా దాన్ని పక్కన పెట్టారు.

మన సంగతి మన నేల మీదే చూద్దాం. డోర్నకల్ వెళ్లి అక్కడి కెథడ్రల్ చూడండి. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసినట్టుండే ఆ కట్టడం బిషప్ వి.ఎస్. అజరయ్య కాలం నాటిది. 1912లో బిషప్ అయిన ఆయన చుట్టుపక్కల పల్లెల్లో మాల, మాదిగ వాడల నుంచి వేలమంది క్రైస్తవులు కావడానికి దారిచూపారు. గాంధీజీకి ఆ మతమార్పిడులు నచ్చలేదు, ఆ మాట బాహాటంగానే అన్నారు. అజరయ్యగారూ బాహాటంగానే తమ పని సమర్థించుకున్నారు. ఎవరూ ఎవరినీ జైలులో వేయించలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించినప్పుడు ఏ కలెక్టరుకూ తన మనస్సాక్షి గురించి అర్జీ పెట్టుకోలేదు.

మీరు కోరే కట్టడి మన దేశంలో కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికే ఉంది. 1967లో ఒడిశా, 1968లో మధ్యప్రదేశ్ చట్టాలు చేశాయి. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు కలిసిలేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. బలవంతం, మోసం శిక్షార్హమే, అందులో నాకు సందేహం లేదు. కానీ మొదటగా చట్టం చేసిన ఆ ఒడిశాలోనే 1999లో ఒక మిషనరీని, చిన్నపిల్లలైన ఆయన ఇద్దరు కొడుకులను జీపులో సజీవంగా కాల్చారు. 2008లో అదే రాష్ట్రంలోని కంధమాల్ జిల్లాలో క్రైస్తవులపై దాడులు జరిగి వేల కుటుంబాలు అడవుల్లోకి పారిపోయాయి. చట్టం ఒక విశ్వాసాన్ని అనుమానంగా చూడడం మొదలుపెడితే వీధిలో గుంపుకు ధైర్యం వస్తుంది. మాల్దీవుల్లో క్రైస్తవుడికి జరిగేది తప్పని మీకు అనిపిస్తే, ఆ తప్పును ఇక్కడికి తెచ్చుకోవాలని కోరకండి. అక్కడ జరిగేది తప్పే కాదని మీకు అనిపిస్తే, మీ కళాశాలలో మీ పక్కన కూర్చునే క్రైస్తవ మిత్రుడితో ఒకసారి కూర్చుని ఈ సంగతి మాట్లాడండి.

ప్రశ్న: మేము వారి కోసం ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తున్నాము. ఇంతకు మించి ఇక్కడి నుంచి ఏమైనా చేయగలమా?
— సంఘ కాపరి, మంచిర్యాల

జవాబు: అయ్యగారూ, మాల్దీవియన్లు చాలామంది వైద్యానికి, కొందరు చదువుకు మన దేశానికి వస్తుంటారు. తిరువనంతపురం, బెంగళూరు ఆసుపత్రుల్లో వారు కనిపిస్తారు. అలా వచ్చినవారిలో విశ్వాసి ఎవరైనా తిరిగి వెళ్లడానికి భయపడితే, అతనికి ఆశ్రయమిచ్చే చట్టం మన దగ్గర లేదు. 1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన క్రైస్తవులను పేర్కొంది గాని మాల్దీవులు ఆ జాబితాలో లేవు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయం ఒక్కటే అతనికి మిగిలిన గుమ్మం. మీ పార్లమెంటు సభ్యుడు ఈస్టరుకో క్రిస్మస్‌కో మీ చర్చికి వచ్చినప్పుడు శాలువా కప్పి పంపించకుండా ఈ విషయం రాసిన వినతిపత్రం చేతిలో పెట్టండి.

ఇంకొక సంగతి, మన సంఘాల అలవాటు తెలిసినవాడిగా చెబుతున్నాను. అటువంటి మనిషి ఎప్పుడైనా మీ చర్చిలో చివరి వరుసలో వచ్చి కూర్చుంటే, దయచేసి అతన్ని ముందుకు పిలిచి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించకండి. యూట్యూబు ప్రసారం జరుగుతుంటే కెమెరా అటు తిప్పవద్దని పిల్లలకు చెప్పండి. ఆరాధన అయ్యాక అందరితో కలిసి ఫోటో దిగమని అడగవద్దు, వాట్సాప్ గ్రూపులో అతని పేరు, ద్వీపం పేరు రాయవద్దు. అతనికి తల్లి ఉంటుంది, ఆ ద్వీపంలోనే ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టండి. పేరు చెప్పుకోవాలని ఉంటే అతనే చెబుతాడు.